సన్నగా వదిలిన కొళాయి

అమెరికాలో మా ట్రాయ్ ఊళ్ళో చలి బాగా ముదిరిందంటే, సాయంత్రం పనులన్నీ అయ్యాక వంటింటి కొళాయిని సన్నగా దారమంత వదిలి కింద ఒక గిన్నె పెడతాను. మాది కొత్త ఇల్లు. ఈ గోడల్లో పైపులు గడ్డకట్టే ప్రసక్తే లేదని మావారు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. ఆయన ఇంజనీరు కాబట్టి నిజమే అయ్యుంటుంది. పైగా సింకులో పడే నీళ్ళకి మళ్ళీ గిన్నె ఎందుకో ఆయనకి అస్సలు అర్థం కాదు. పొద్దున్నే ఆ గిన్నెడు నీళ్ళూ తీసుకెళ్ళి కిటికీ దగ్గరి కరివేపాకు మొక్కకి పోస్తుంటే, "మీ అమ్మకి మళ్ళీ వాళ్ళత్త పూనింది" అని డెన్వర్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆయన వెక్కిరింతకే అన్నా నాకు మాత్రం మెచ్చుకున్నట్టే వినిపిస్తుంది.

ఆ అత్త పేరు సుంకులమ్మ, మా నాన్నకి అక్క. కిందటి వేసవిలో న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో కన్నుమూసింది. పిల్లలు లేరు. మామ అంతకు కొన్నేళ్ళ ముందే వెళ్ళిపోయాడు. ఓక్ ట్రీ రోడ్డు పక్క సందులో ఆవిడ ఉన్న అపార్ట్‌మెంట్ ఖాళీ చేయడానికి నేనే వెళ్ళాను. చీరలు, మందులు, పోపుల డబ్బా, అడుగు మాడిన పాలగిన్నె అన్నీ అట్టపెట్టెల్లో సర్దాక చివరికి స్టీలు సామాను మిగిలింది. పెళ్ళిలో పెట్టిన గిన్నెల సెట్టు, ఒకదాంట్లో ఒకటి ఇమిడేది. ప్రతి గిన్నెకీ అంచు కింద చుక్కల అక్షరాలతో అత్త పేరు కొట్టించి ఉంది. వాటిని ఒకదాంట్లో ఒకటి పెడుతుంటే మధ్యలో ఒక గిన్నె లేక లోపలివి కుదురుగా కూర్చోలేదు, ఎత్తితే లొడలొడమన్నాయి. ఆ లేని గిన్నె ఎక్కడుందో నాకు తెలుసు. "నా గిన్నె ఆ కొండమీదనే ఉండిపాయె పాపా" అని అత్త ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. ఆ లొడలొడ విన్నాక ఇంక ఆపుకోలేక ఆ వంటింటి నేలమీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఆ కొండ కొలరాడోలో ఉంది. నేను అత్తామామలతో ఒకే ఒక్క చలికాలం అక్కడ ఉన్నాను. అంతకంటే ఎక్కువ ఏళ్ళు ఉన్న ఊళ్ళు, ఇళ్ళు నాకు చాలానే ఉన్నాయి గానీ కలలోకి వచ్చేది ఆ ఇల్లే.

మామ పేరు చెన్నకేశవులు. వాళ్ళన్న స్పాన్సర్ చేస్తే అనంతపురం నుంచి వచ్చి, తెలిసినవాళ్ళ మోటెళ్ళలో పనికి కుదిరాడు. ఏ ఊరు వెళ్ళినా ఒకటే బతుకు: కౌంటర్ వెనక ఒక గది, ఆ గదిలో మూలన హాట్‌ప్లేట్, దాని మీద వంట. బెల్లు మోగితే పొయ్యి ఆర్పి పరుగెత్తడం. పోపు వాసన వస్తోందని గెస్టులు కంప్లయింట్ చేస్తారని అత్త ఇంగువ వాడటమే మానేసింది. ఒక ఊళ్ళో కాస్త కాలు నిలదొక్కుకునేసరికి ఓనరు మోటెల్ అమ్మేసేవాడు, మళ్ళీ మూటాముల్లె సర్దుకోవడం. పెళ్ళైనప్పటి నుంచి తనదంటూ ఒక వంటిల్లు ఎరగని మనిషి మా అత్త. అలాంటిది, కొండ కింది ఊళ్ళో వాళ్ళు పనిచేస్తున్న మోటెల్‌కి అప్పుడప్పుడూ వచ్చే మార్గరెట్ అనే పెద్దావిడ, పైన తన లాడ్జికి చలికాలం కాపలా ఉంటారా అని మామని అడిగింది. వాళ్ళ నాన్న స్వయంగా కట్టిన చెక్క లాడ్జి. మొదటి పెద్ద మంచు పడగానే మూసేస్తారు, మళ్ళీ వసంతంలోనే తెరుస్తారు. ఈలోగా ఎవరో ఒకరు అక్కడ ఉండి పొయ్యి ఆరకుండా, పైకప్పు మంచు బరువుకి కుంగకుండా, పైపులు పగలకుండా చూసుకోవాలి. "ఈ ఒక్క చలికాలం మా నాన్న ఇంటిని క్షేమంగా నాకు అప్పజెప్పండి. ఆ తర్వాత వంటింటి వెనక రెండు గదులూ, ఆ వంటిల్లూ మీకు ఓపికున్నంత కాలం మీవే" అందట ఆవిడ. ఆ మాట అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ చివర్న, "ఇంగ నన్ను పొయ్యి కాడ్నించి లెయ్యి అనేటోడు ఎవడూ ఉండడు పాపా" అనేది.

నేను అప్పుడే ఎం.ఎస్. ముగించాను. ఉద్యోగం దొరికింది గానీ చేరమన్నది వసంతంలో. రూమ్మేట్లు తలో దిక్కూ వెళ్ళిపోయారు. హైదరాబాద్ నుంచి నాన్న, "ఒక్కదానివీ అక్కడెందుకు, అత్త దగ్గరికి పో" అన్నాడు. వెళ్ళాను. మామ ట్రక్కులో పైకి వెళ్తుంటే దారి పొడుగునా పైన్ చెట్లు, ఆ తర్వాత మంచు, ఆ తర్వాత ఇంకేమీ లేదు. మేం వెళ్ళిన కొన్నాళ్ళకే రోడ్డు మూసేశారు. లాడ్జి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. నేత చీర, దానిమీద మార్గరెట్ వాళ్ళ నాన్నగారి పాత ఉన్ని కోటు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు, నెత్తిన చెవులు మూసే టోపీ, ఆ టోపీ కింద ఎప్పటిలాగే రూపాయంత బొట్టు. నాకు నవ్వాగలేదు. "నవ్వుతావేమే, నువ్వూ రేపు ఇట్లనే ఉంటావు" అంది. మర్నాటికి అలాగే ఉన్నాను.

అక్కడి పొద్దులు నాకు ఇప్పటికీ వాసనతోనే గుర్తు. మామ అందరికంటే ముందు లేచి ఇనప పొయ్యిలో పైన్ కట్టెలు వేసేవాడు. ఆ జిగురు వాసన, దానిమీద కాఫీ డికాక్షన్ వాసన, కాసేపటికి అత్త బరువైన ఇనప పెనం మీద వేరుశనగ గింజలు వేయించే వాసన. ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, లేని పూట మా అత్తకి అది తిండి కిందికే రాదు. రాగిపిండి, బొరుగులు, ఎండుమిర్చి బస్తాల లెక్కన ముందే తెచ్చి పెట్టుకున్నారు. ఎన్నో ఏళ్ళు ఆపుకున్న కక్షంతా తీర్చుకుంటున్నట్టు ప్రతి పోపులోనూ ఇంగువ దట్టించేది. ఆ వాసన వంటింట్లోంచి డైనింగ్ హాలుదాకా, అక్కణ్ణుంచి దుప్పట్లు కప్పిన సోఫాలదాకా పాకేది, అడిగే నాథుడు లేడు. మధ్యాహ్నం మామ గెస్టులు వదిలేసిన పాత పత్రికలు ముందేసుకుని, బొమ్మలు చూస్తూ వాటికి సొంత కథలు చెప్పేవాడు. అత్త వింటూ వింటూ, "నీ మొగం, అట్లేం రాసుండదు" అనేది. నేను కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని ఆ ఇద్దర్నీ చూస్తూ ఏమీ చేయకుండా కూర్చునేదాన్ని. ఏమీ చేయకుండా కూర్చోవడం నాకు జీవితంలో అప్పుడే తెలుసు, మళ్ళీ చేతకాలేదు.

ఇక నీళ్ళ సంగతి. లాడ్జిలో గెస్టు గదులన్నిటికీ శీతాకాలం రాగానే పైపులు ఖాళీ చేసేస్తారు. మేమున్న వంటింటి వైపుకీ, డైనింగ్ హాలు చివర చేతులు కడుక్కునే గదికీ మాత్రం నీళ్ళుంటాయి. చలి మరీ ఎక్కువైన రోజుల్లో పైపులో కదలకుండా నిలబడ్డ నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, పైపుని పగలగొడతాయి. కాస్త కదులుతూ ఉంటే అంత తొందరగా గడ్డకట్టవు. అందుకని ఆ కొళాయిలన్నీ సన్నగా వదిలే ఉంచాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ మా అత్త పుట్టి పెరిగింది అనంతపురంలో.

చిన్నప్పుడు సెలవులకి అక్కడికి వెళ్ళిన నాకే ఆ వీధి కొళాయి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ముందు రోజు నుంచే బిందెలు వరుసలో ఉంటాయి. నీళ్ళు రాబోయే ముందు కొళాయి లోపల్నుంచి గరగరమని గాలి వస్తుంది. ఆ చప్పుడు వీధిలో అందరికంటే ముందు అత్తకి వినపడేది. మంచి నిద్రలో ఉన్నా సరే, "వచ్చినాయ్" అని లేచి కూర్చునేది. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు పప్పులోకి, కూరలు కడిగినవి అంట్లకి, అంట్లవి చెట్లకి. ఇంకో కట్టుబాటు ఉండేది: బిందె నిండితే దాన్ని ఎత్తే ముందు కొళాయి కట్టాలి. కట్టకుండా బిందె ఎత్తిన ఆడపిల్లని వెనక వరుసలో ఉన్నవాళ్ళు మాటలతో కడిగేసేవాళ్ళు. ఆ వీధిలో పుట్టిన పిల్ల చేతికి అది నడకతోపాటే వచ్చేసేది. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో మామ కొళాయిలన్నీ వదిలేశాడు. మొదటి రోజు అత్త ముఖం చూడాలి, ఎవరో తన ఒంట్లోంచి రక్తం తీస్తున్నట్టు పెట్టింది.

"నీళ్ళు పోతాండాయి చూడయ్యా" అంది.

"పోనీయే. పోవాలనే వదిలినా."

"పోవాలని నీళ్ళు వదిలేటోణ్ణి నిన్నే చూస్తాండా."

"ఇది అనంతపురం కాదే. అట్ల బయటికి చూడు, కొండంతా నీళ్ళే. గడ్డకట్టుకోని ఉండాయి, అంతే."

అత్త కిటికీలోంచి ఆ మంచు కొండల్ని కాసేపు చూసింది. "అవి దేవునివి. కొళాయిలోవి మనవి" అంది.

మామ నెత్తీ నోరూ కొట్టుకుని, పైపు పగిలితే ఏమవుతుందో, మార్గరెట్ ఏమందో మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. రెండు గదులు, వంటిల్లు అనే మాట వచ్చేసరికి అత్త దారికొచ్చింది. కొళాయిలు వదిలే ఉంచుతుంది, కానీ ప్రతిదాని కిందా ఒక గిన్నె ఉంటుంది, అందులో పడ్డ నీళ్ళు ఒక్క చుక్క కూడా వృథా కాకూడదు. అదీ ఒప్పందం. వంటింట్లో పెద్ద డేగిసా, బాత్రూములో బకెట్, హాలు చివరి గదిలో తొట్టి చిన్నది కాబట్టి పెళ్ళి సెట్టులోని నడిమి గిన్నె. పొద్దునా సాయంత్రం అత్త వాటన్నిటి చుట్టూ తిరిగేది. ఆ నీళ్ళతోనే వంట, అంట్లు, నేల తుడవడం. అయినా మిగిలేవి. మిగిలినవాటితో ఏం చేయాలో పాలుపోక, లాడ్జి వాళ్ళ పాత బేకింగ్ ట్రేల్లో మట్టి పోసి, దక్షిణం వైపు కిటికీల కింద పెట్టి మెంతులు చల్లింది. ఆ మట్టి కోసం మామ గడ్డకట్టిన నేలని గునపంతో పొడిచిన తంటాలు అంతా ఇంతా కాదు. కొన్నాళ్ళకి బయట నడుం లోతు మంచు, లోపల కిటికీ పొడుగునా పచ్చటి మెంతికూర. మొదటిసారి కోసి పప్పులో వేసిన రోజు మామ రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. "ఈడనే ఉండిపోతే బాగుంటాదే" అన్నాడు. అత్త ఆ రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంది.

అది జరిగింది చలికాలం సగం గడిచాక, ఒక ఆదివారం. పొద్దుట్నుంచీ గాలి, మంచు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అత్త హాలు చివరి గదికి వెళ్ళింది, గిన్నె నిండి ఉంటుందని. అప్పుడే వంటింట్లో ఫోన్ మోగింది. ఆదివారం ఆ వేళకి నాన్న చేస్తాడు, ముందు అక్కతో మాట్లాడతాడు. నేను "అత్తా, నాన్న" అని కేకేశాను. అత్త నిండిన గిన్నె చేత్తో పట్టుకుని, తొణకనివ్వకుండా, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. గిన్నె గట్టుమీద పెట్టి ఫోన్ అందుకుంది. తమ్ముడితో మాట్లాడినంతసేపూ మెంతికూర సంగతే. ఫోన్ పెట్టేశాక ఆ నీళ్ళతోనే సంగటికి ఎసరు పెట్టింది. మేం ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నాం. అంత తృప్తిగా మళ్ళీ ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

మర్నాడు తెల్లారేసరికి పైకప్పు మీద మంచు భయం వేసేంత పేరుకుంది. ముందు దాని సంగతి చూడాలన్నాడు మామ. కింద వెచ్చగా ఉంటే పైన మంచు పట్టు వదులుతుందని డైనింగ్ హాల్లో పెద్ద పొయ్యి రాజేసి, మా ఇద్దరి చేతులకీ పారలు ఇచ్చి బయటికి తీసుకెళ్ళాడు. ఆయన నిచ్చెన మీద, మేం కింద. పడ్డ మంచుని పక్కకి తోస్తూ, ఒకరి మీద ఒకరం విసురుకుంటూ, మధ్యాహ్నం దాటిపోయింది. ఆకలేసి లోపలికి వచ్చాం. అత్త టోపీ తీస్తూ తీస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. "నీళ్ళు" అంది. నాకేం వినపడలేదు. మామకీ వినపడలేదు. అత్త తడి బూట్లతోనే హాలు వైపు పరుగెత్తింది.

రాత్రి పైపులో కట్టిన గడ్డ పొయ్యి వేడికి కరిగి, చివరి గది గోడలో పగిలిన చోటునుంచి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. హాలు నేల సగం దాకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నేల మార్గరెట్ వాళ్ళ నాన్న ఒక్కో పలకా తన చేత్తో చెక్కి పరిచినది. పెళ్ళి రోజున తనూ భర్తా దానిమీదే డ్యాన్స్ చేశామని ఆవిడ మాకు చెప్పింది. మామ కిందికి దిగి మెయిన్ వాల్వ్ కట్టడానికి పరుగెత్తాడు. నేను దుప్పట్లూ తువ్వాళ్ళూ లాక్కొచ్చాను. అత్త ఏం చేసిందో తెలుసా, వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ తెచ్చి ఆ గోడ కింద పట్టింది. ఒకటి నిండితే ఇంకొకటి, అది నిండితే ఇంకొకటి. మోకాళ్ళ దాకా తడిసి, వణుకుతూ, "అయ్యో నీళ్ళు, అయ్యో నీళ్ళు" అంటూనే ఉంది. నీళ్ళు ఆగాక తలెత్తి కొళాయి వైపు చూసింది. అది గట్టిగా కట్టేసి ఉంది. పక్కన గిన్నె లేదు, ముందు రోజు సాయంత్రం నుంచీ అది వంటింట్లోనే ఉండిపోయింది. గిన్నె ఎత్తే ముందు కొళాయి కట్టిన చెయ్యి తనదేనని అప్పుడు అర్థమైంది ఆవిడకి. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

పైపుని మామ ఎలాగో అతికాడు. అతుకు దగ్గర చెమ్మ ఊరుతూనే ఉంటే గోడ సందులో ఆ నడిమి గిన్నెనే పెట్టాడు. నేలని మాత్రం ఏం చేసినా పాత రూపానికి తేలేకపోయాం. ఆరినకొద్దీ పలకల అంచులు పైకి లేచాయి, నడుస్తుంటే కాలికి తగిలేవి. ఆ మిగతా చలికాలమంతా మా వంటింట్లో కబుర్లు సన్నగిల్లాయి. అత్త వండేది, పెట్టేది, మెంతికూరకి నీళ్ళు పోసేది. ఒక పూట మామ, "మార్గరెట్ వస్తే నేను మర్చిపోయినా అని చెప్తా. నువ్వు నోరు తెరవగాకు" అన్నాడు. అత్త గిన్నె తీసుకుని మెంతికూర వైపు వెళ్ళిపోయింది. ఇంకో రోజు నాతో మాత్రం, "నాకు ఈడ ఉండాలని ఉండాది పాపా. యాడా ఇట్ల అనిపియ్యలా" అంది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకున్నాను.

మంచు తోసే బండి దారి చేసిన రోజునే, దాని వెనకే మార్గరెట్ వచ్చింది. పొడుగ్గా, ముగ్గుబుట్టలాంటి తలతో, చేతిలో మా కోసం ఆపిల్ పళ్ళ బుట్టతో. హాల్లోకి వచ్చి ఆగింది. మామ ఇంగ్లీషులో, "తప్పు నాదే మార్గరెట్. కొళాయి వదలడం మర్చిపోయాను" అన్నాడు. అత్తకి ఇంగ్లీషు మోటెల్ కౌంటర్ దాకానే వచ్చు. అయినా ముందుకొచ్చి, "నో. ఐ క్లోజ్" అంది. కుడి చెయ్యి ఎత్తి చూపించింది. "దిస్ హ్యాండ్."

మార్గరెట్ నా వైపు చూసింది. నేను చెప్పాను, అనంతపురం గురించి, వీధి కొళాయి గురించి, బిందె ఎత్తే ముందు ఏం చేయాలో దాని గురించి. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, లేచిన పలక మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా రాసింది. కోప్పడితే బాగుండుననిపించింది నాకు. లేచి అత్త దగ్గరికి వచ్చి ఆ కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేను నమ్ముతున్నాను. కానీ ఇంకో చలికాలం వస్తుంది. ప్రతి రోజూ తన చేతితో తనే పోట్లాడమని నేను ఆవిణ్ణి అడగలేను. ఆవిడకి అది శిక్ష" అంది. నేను తెలుగులో చెప్పబోతే అత్త వద్దని తలూపింది. చెప్పకుండానే అర్థమైపోయింది. మార్గరెట్ వెళ్ళే ముందు అత్త ఆవిణ్ణి కిటికీల దగ్గరికి తీసుకెళ్ళి మెంతికూర చూపించింది, నీళ్ళెలా పోయాలో గిన్నెతో చేసి చూపించింది. ఆవిడా శ్రద్ధగా చూసింది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళలా నిలబడ్డారు. ఆ నెల దాటకుండానే సామాను సర్దేసుకున్నాం. గోడ సందులో గిన్నె గుర్తొచ్చేసరికి ట్రక్కు కొండ దిగిపోయింది. "తిప్పనా?" అన్నాడు మామ. "వద్దులే" అంది అత్త.

వాళ్ళు ఐసెలిన్‌లో మామ వాళ్ళన్న ఇంటి దగ్గర్లో స్థిరపడ్డారు, నేను ఉద్యోగానికి ట్రాయ్ వచ్చేశాను. అత్తకి అక్కడ లేనిదంటూ లేదు. కిందికి దిగితే కరివేపాకు, మునక్కాయలు, మల్లెపూలు, నగల కొట్లు, తెలుగు మాట. కష్టం చెప్పుకోవడానికి నలుగురు ఆడవాళ్ళు. ఎవరైనా ఆవిడ అదృష్టవంతురాలనే అనేవాళ్ళు. కానీ పొద్దున ఫోన్ చేసి, "ఈడ ఒకటే సద్దు పాపా, నీళ్ళ సద్దే వినపడదు" అనేది. మనవాళ్ళందరికీ మనసు ఎక్కడో వదిలొచ్చిన ఊరి మీద ఉంటుంది, మా అత్తకి మాత్రం మన భాష మాట్లాడే మనిషి ఒక్కరూ లేని ఆ మంచు కొండ మీద ఉండేది. ఒక్కసారి తీసుకెళ్ళమని అడిగేది. అంత ఎత్తుకి ఆవిడ ఊపిరి చాలదని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. నాకూ ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఫోన్లో ఒక వేలితో ఇంటి వేడి పెంచుకోవచ్చు, ఒక వేలితో సరుకులు గుమ్మంలోకి రప్పించుకోవచ్చు. వేరుశనగ గింజలు వేయించినవే దొరుకుతాయి, కాబట్టి వేయించే వాసన లేదు. ఆ పొయ్యి చుట్టూ కూర్చున్న మూడు పీటల్లో రెండు ఖాళీ అయిపోయాయి. ఆ సాయంత్రం సంగటి కోసం ఇప్పుడున్నవాటిలో ఏదైనా సరే ఇచ్చేస్తాను.

ఈ మధ్యనే, ఆకులన్నీ రాలిపోయే రోజుల్లో, మా అమ్మాయి మేఘన దగ్గరికి డెన్వర్ వెళ్ళినప్పుడు, అదే నన్ను కార్లో ఎక్కించుకుని ఆ కొండ మీదికి డ్రైవ్ చేసింది. మార్గరెట్ ఎప్పుడో పోయిందట. లాడ్జికి ఓనర్లు మారారు, కొత్త కిటికీలు, కొత్త బోర్డు. ఈ చలికాలం కాపలాకి వచ్చిన ఈథన్ అనే గడ్డం కుర్రాడు మూసేసే పనుల్లో ఉన్నాడు. ఒకప్పుడు ఇక్కడున్నానని చెబితే సంబరపడి లోపలికి తీసుకెళ్ళాడు. డైనింగ్ హాలు నేలలో చివరి మూల మాత్రం లేతరంగు పలకలు వేసి ఉన్నాయి. దక్షిణం కిటికీల కింద పొడుగ్గా మట్టి ట్రేలు, వాటిలో ఏవో ఆకులు. నా కాళ్ళు వాటంతటవే చివరి గది వైపు నడిచాయి. కొళాయి సన్నగా వదిలి ఉంది. దాని కింద స్టీలు గిన్నె, దాదాపు నిండి ఉంది.

"ఇదెందుకు ఇక్కడ?" అన్నాను.

"చలి మొదలైతే కొళాయి వదిలి ఈ గిన్నె పెట్టాలి. పొద్దున్నే ఆ నీళ్ళు కిటికీ మొక్కలకి పోయాలి" అన్నాడు ఈథన్. "నా ముందు ఉన్నాయన చెప్పాడు. ఆయనకి ఆయన ముందువాళ్ళు చెప్పారట. సింకు ఉండగా గిన్నె ఎందుకో మాలో ఎవరికీ తెలియదు. అంచు కింద ఏదో డిజైన్ ఉంది, చూశారా?"

దగ్గరికి వెళ్ళాను. ఎడమ చేత్తో గిన్నె ఎత్తి వెలుతురుకి తిప్పాను. చుక్కలు కొన్ని అరిగిపోయాయి గానీ అక్షరాలన్నీ ఉన్నాయి. మేఘన నా భుజం మీదుగా తొంగిచూసి వేలితో ఆ చుక్కలు తడిమింది. దానికి తెలుగు చదవడం రాదు.

"అమ్మా, ఇది అవ్వ నేమ్?" అంది.

"అవును. మీ అవ్వ పేరే" అన్నాను.

"మేడమ్," అన్నాడు ఈథన్, కాస్త మొహమాటపడుతూ. "కొళాయి కట్టేశారు. ఈ రాత్రి గడ్డకట్టేంత చలి అన్నారు, వదిలే ఉంచాలి."

చూసుకున్నాను. నిజమే. గిన్నె ఎత్తే ముందు కట్టేశాను. ఎప్పుడు కట్టానో నాకే తెలియదు. నా కుడి చెయ్యి ఇంకా ఆ కొళాయి మీదే ఉంది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది, రెండూ ఆ కుర్రాడి ముందే కానిచ్చాను. మేఘన కంగారుపడి నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. అది మీ కుటుంబానిదైతే తీసుకెళ్ళండి, ఇంకో గిన్నె పెట్టుకుంటాను అన్నాడు ఈథన్. ట్రాయ్‌లో నా వంటింటి బీరువాలో మిగతా గిన్నెలు లొడలొడలాడుతూ ఉన్నాయి. ఈ ఒక్కటీ చేరితే అన్నీ కుదురుగా కూర్చుంటాయి.

గిన్నెలో నీళ్ళు తీసుకెళ్ళి కిటికీ మొక్కలకి, ట్రే ట్రేకీ కొంచెం కొంచెం పోశాను. ఖాళీ గిన్నెతో వెనక్కి వచ్చి కొళాయిని తిప్పి, సన్నగా, దారమంత వదిలి, కింద పెట్టాను.

"తీసుకెళ్ళట్లేదా అమ్మా?" అంది మేఘన.

"లేదమ్మా. రాత్రికి ఇక్కడ కావాలి."